మూడు పులులు మీవి

మాటలేని ఆట ఆటేనా? చెప్పండి సార్, ఆటేనా, కాదా?

నన్నెందుకట్ల చూస్తారు? నేను కొత్తగా అడగలేదు. ఈ బ్రౌజింగ్ సెంటర్ తలుపు మీద మీ కంపెనీవాళ్ళే అంటించినారు. పైన తెలుగులో, కింద కన్నడలో, నడుమ తుపాకీ పట్టుకున్న మనిషి బొమ్మ. ‘రణకేక’. హెడ్‌ఫోన్ పెట్టుకోండి, అరవండి, గెలవండి! చింతామణిలో అంటించినారు, ఈ చిక్కబళ్ళాపురమంతా అంటించినారు, బాగేపల్లి బస్టాండులో టీ అంగడి గోడనూ వదల్లేదు.

లేవద్దు సార్. కాలేజీలో మీ బహుమతుల సభ ఐదింటికి. ఇంకా నాలుగు కూడా కాలేదు. నాగరాజన్న కాఫీ తెప్పిస్తాండాడు. సెంటర్ ఆయనది, మిమ్మల్ని ఈడికి పిలిపించిన తప్పు నాది. నేనేం దోవకి అడ్డం నిలబడలేదు. తలుపు కాడ నిలబడినాను, అంతే.

నా పేరా? శశికళ. ఈ చిక్కబళ్ళాపురంలోనే బి.ఎ. ఆఖరి సంవత్సరం. మార్చిలో ఒక చర్చా స్పర్ధెలో, అదే వాదన పోటీలో, మీ చేతులతోనే నాకు షీల్డు ఇచ్చినారు. గుర్తు లేదా? పోనీలెండి. ఆ సంగతికి వస్తాను.

ముందు మీ తరపున నేనే వాదిస్తాను, వినండి. మీ కొత్త ఆట గెలిచింది. ఉగాదికి విడిచినారు, మూడు నెలలకే రెండు లక్షల మంది ఆడతాండారు. బెంగళూరు ఆఫీసులో ముప్పై మందికి దానివల్లనే జీతాలు. పాత ఆటలు ఏమీ తేవు. వాటికని పెట్టిన మెషిన్లు, మనుషులు కొత్తదానికి కావాల. న్యాయమే కదా? చూసినారా, మీకంటే బాగా చెప్పినాను!

ఇప్పుడు నా తరపు.

మీ ఆన్‌లైన్ పులి-మేక గదిలోకి ఈ మధ్య ఎప్పుడైనా పోయినారా సార్? మీ చేతులతో కట్టిన గది అది. మీ నాయన చింతపండు మండీలో నేల మీద సుద్దముక్కతో పటం గీసి, చింతగింజల్ని మేకలు చేసి ఆడేవాణ్ణని ఆ గది ముందర మీరే రాసి పెట్టినారు. ఇంటర్నెట్‌లో మూడు పులులు, పదహైదు మేకలు, ఇద్దరు మనుషులు. శనివారమొస్తే మైసూరు నుంచి, హైదరాబాదు నుంచి, యాడాడ నుంచో వచ్చి చుట్టూ చేరి చూసేవాళ్ళు.

రణకేక మొదటి నెల ఆడినోళ్ళు ఎవురు? వాళ్ళే! కొత్తాట వచ్చిందని మీరు చాటింపు వేసింది ఆ గదిలోనే కదా. ముందు చూసేవాళ్ళు పోయినారు. ఆనక ఆడేవాళ్ళు పోయినారు. ఆనక ఆ గది చూసుకునే మీ మనిషిని రణకేకకి మార్చినారు. ఆట గడియారం చెడిపోతే బాగుచేసే దిక్కు లేదు. శనివారం పోటీ నిలిచిపోయింది. ఇప్పుడు గది తెరిస్తే కనపడేది ఒకటే మాట. ‘ఎదుటి మనిషి కోసం కాచుకోండి.’

కాచుకుంటే చాలు, ఎవురో వస్తారు అన్నట్టు!

అట్ల కాచుకున్న మనిషిని మీరు చూడలేదు. నేను చూసినాను. నా స్నేహితురాలు ప్రేమ. బాగేపల్లి దగ్గర చాకవేలు. ఆరేండ్లప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయినాయి. హైస్కూల్లో ఇద్దరిదీ ఒకటే బెంచీ. మేష్టరు చెప్పేది నేను రాస్తే అది చదువుకునేది. నా పెదాలు చూసి నేనేమంటాండానో చెప్పేస్తుంది. ఇప్పుడు ఊర్లో బట్టలు కుడతాది. ఊర్లో దాని పేరు ప్రేమ కాదు సార్, మూగది. ‘మూగదాని కాడ జాకెట్టు ఇచ్చి రాపో’ అంటారు, దాని ముందరే.

మూగదంట! గదిలో దాని నోరు చూసుండాల మీరు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతాది. ‘అయ్యా, మీ పులికి ఉండేవి సొంత పండ్లా, కట్టుడు పండ్లా?’ అని ఒక మైసూరు లెక్చరర్‌ని అడిగింది. ఆయన రెండు దినాలు మొహం చూపించలేదు. మూడో దినం వచ్చి ‘ప్రేమక్కా, నేర్పించు’ అన్నాడు. నాలుగేండ్లుగా ప్రతి శనివారం కుట్టుమిషను మూసి బస్సెక్కి బాగేపల్లి సెంటర్‌కి పోతాది. దానికి వినపడదని ఆ గదిలో ఒక్కరికీ తెలియదు. తెలియాల్సిన పనే పడలేదు.

ఏమన్నారు? రణకేకలోకి రమ్మనండి అంటారా?

సార్! రణకేక చెవుల్తో ఆడే ఆట. ఆ మూల కూచున్న పిల్లోళ్ళని వినండి. ‘వెనకాల! వెనకాల! ఎడమకి తిరుగురా!’ జట్టులోవాడు చెప్పింది వినకపోతే అర నిమిషంలో చచ్చిపోతారు. ప్రేమ ఒకసారి ఆడి చూసింది. నాలుగుసార్లు చచ్చింది. దాని జట్టులోవాళ్ళు ఏమని తిట్టినారో దానికి వినపడలేదు, నాకు వినపడింది.

మీ ఆఫీసుకి అది ఏడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు లేదు. పోయిన వారం మాత్రం అందరికీ పంపినట్టు దానికీ ఒక మెయిలు వచ్చింది. జూన్ ముప్పైకి పాత గదులు మూసేస్తారంట. నాలుగేండ్ల గెలుపులకి బదులు రణకేకలో నాలుగు వేల తూటాలు ఇస్తారంట. ఎవుర్ని కాల్చాల సార్ వాట్ని పెట్టుకుని?

కాఫీ తాగండి. చల్లారిపోతాది.

ఆ షీల్డు సంగతి. మార్చిలో మీ కంపెనీ పెట్టించిన స్పర్ధె. విషయం ఏమంటే, ఆటకి గొంతు కావాలా, అక్షరం చాలునా. పర, విరోధ, అంటే అవునని ఒకరు, కాదని ఒకరు వాదించేదానికి చీటీలు ఎత్తినాము. నాకు ‘పర’ వచ్చింది. గొంతు కావాల అని మాట్లాడాల. చీటీలో ఏమొస్తే దాని పక్కన నిలబడి చీల్చి చెండాడేదే కదా మా విద్య! నాకేమనిపిస్తాది అని ఎవురడిగినారు? నన్ను నేనే అడగలేదు.

మాటలేని ఆట ఆటేనా? ఆ మాట నాది సార్! తలుపు మీదుండేది నా వాక్యం. బల్ల గుద్ది అన్నాను. ‘గొంతున్నోళ్ళ కాలం వచ్చింది, మూగ ఆటలు మూటగట్టండి’ అని కూడా అన్నాను. హాలంతా చప్పట్లు. మీరూ కొట్టినారు.

ముందు వరసలో ప్రేమ కూచోనుండాది. నేనే పిలిచినాను, నా గెలుపు చూడాలని. అది నా పెదాలనే చూస్తాంది.

అది కూడా చప్పట్లు కొట్టింది.

ఆ దినం నుంచి నాకు కూచుంటే కూచోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. గది ఖాళీ అయినాక నేనొక పని చేసినాను. దొంగ పేర్లు పెట్టుకుని ఆడడానికి పోయినాను. ఒకవారం అనంతపురం అంజినప్ప, ఇంకోవారం కోలారు చౌడమ్మ. ఎనిమిది పేర్లు! చిక్కబళ్ళాపురంలో కూచుని బాగేపల్లిలో ఉండే దానికి ఎదురాడినాను. దానికి ఎవురో ఉండారు అనిపించాలని.

పోయిన శనివారం అది ఆట నడుమ నిలిపేసి కొట్టింది. ‘శశీ, ఎనిమిది పేర్లతో వచ్చినా నీ పులి ఆకలి ఒకటే. మొదటి మేక కనపడంగానే ఎగురుతావు. జాలి ఆట నాకొద్దు.’

ఎనిమిది పేర్లూ దొరికిపోయినాయి సార్.

అది ఇంకొక్క మాట కొట్టింది. ‘మూసేలోపల ఒక్క నిజమైన ఆట కావాల.’ ఎవరితో అని అడిగినాను. గదిలో గెలిచినోళ్ళ పట్టీ ఉండాది కదా. రెండో పేరు ప్రేమది. మొదటి పేరు మండీమూర్తి. మూడేండ్లుగా ఆ మనిషి లోపలికి రాలేదు. ఒక్క ఆటా ఓడలేదు.

శ్రీనివాసమూర్తన్నా, ఆ పేరు మీదే కదా?

సార్ అనేది చాలు, అన్నా అనే అంటాను. మీదీ ఈ ఊరే. గది మూస్తారో ఉంచుతారో, ఆ వాదన ఆటయినాక పెట్టుకుందాం. అప్పుడు చీటీ ఎత్తను. నా పక్షం నేనే ఎంచుకున్నాను.

ఇదిగో, ఈ కుర్చీలో కూచోండి. గది తెరిచే పెట్టినాను. బాగేపల్లి సెంటర్లో ప్రేమ రెండింటి నుంచి కూచోనుండాది. ఐదింటికి ఆడ కరెంటు తీసేస్తారు. పాస్‌వర్డు గుర్తుందా? ఉంటాది. మండీలో చింతగింజలు గుర్తున్నోడికి అదెట్ల మరిచిపోతాది?

గెలిస్తే గెలవండి. జాలిపడి మాత్రం ఓడిపోవద్దు, దానికి తెలిసిపోతాది.

కూచోండన్నా. మీ పేరు కొట్టండి. మూడు పులులు మీవి. అది మొదటి మేక పెట్టడానికి కాచుకోనుండాది.