కాంపౌండరమ్మ ఎర్రగొట్టం

కాంపౌండరమ్మ ఎవరంటావేంటే, మా అక్క కాదూ, మీ పెద్దమ్మమ్మ. నువ్వు పుట్టేసరికే పోయిందిలే. ఆస్పత్రిలో పనిచేసిందేమో అనుకునేవు, అదేం లేదు, వీధిలోవాళ్ళు పెట్టిన పేరది. ఎవరింట్లో జబ్బు తగ్గినా మిగిలిన మాత్రలు పారేయనిచ్చేది కాదు, అడిగి తెచ్చుకుని బిస్కెట్ల డబ్బాలో పోసుకునేది. పేరు చదవడం లేదు, రంగే. తెల్లది తలనొప్పికి, పసుపుది వాంతులకి, ఎర్రగొట్టం, అదే ఎర్ర క్యాప్సూలు, జ్వరానికి. ఆవిడ ముందు తుమ్మాలంటే భయం నాకు, స్కూల్లో గుమాస్తాగిరీ చేసేదాన్ని, పొద్దున తుమ్మితే మధ్యాహ్నం డబ్బాతో ఆఫీసు గుమ్మంలో నిలబడేది. తగ్గేది కూడాను, లేనిపోనిది ఎందుకు చెప్పాలి. సగం రోగాలు వాటంతటవే పోతాయి కదా, ఆ పేరు మా అక్కకొచ్చేది.

బావేమో గడియారాలు బాగుచేసేవాడు. పొద్దస్తమానం స్టూలు మీద వంగి కూచోవడం, ఒక కంటికి ఆ భూతద్దం, నోట్లో సిగరెట్టు. ఒకసారి ఏదో విందుకెళ్ళొచ్చి విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గాయి. తర్వాత నడుంనొప్పి. స్టూలువల్లే అన్నారందరూ, నేనూ అన్నాను, దిండు కుట్టించి ఇచ్చాను కూడా. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలేది. అక్క ఎర్రగొట్టం ఒకటి వేసేది, దిగేది. మానేస్తే మళ్ళీ ఎక్కేది. మనిషి చిక్కి సగమయ్యాడు, చొక్కా హ్యాంగరుకి వేలాడుతున్నట్టుండేది. చివరికి నేనే ఆటో పిలిచి ఆస్పత్రికి లాక్కెళ్ళాను.

అక్కడొక లేడీ డాక్టరు, పొడుగ్గా, నవ్వు ముఖం కాదు. పొట్టమీద చెయ్యి వేసింది, వేసింది, ఇంక తీయదే. బావ ఊరుకుంటాడా, “ఏంటి డాక్టరుగారూ, లోపల టిక్కుటిక్కుమంటోందా?” అన్నాడు. “అంటోంది, అదే నాకు నచ్చడం లేదు” అందావిడ. స్కాను తీశారు. గుండె నుంచి పొట్టలోకి దిగుతుందే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, దాని గోడ ఒక పక్కకి ఉబ్బింది. సైకిలు ట్యూబు పలచబడ్డచోట బుడగలా లేస్తుంది చూడు, అలాగ. పగిలితే ఇక్కడ మంచం మీదున్నా దక్కడం కష్టమని నన్ను పక్కకి పిలిచి చెప్పింది. ఆ ఉబ్బుకి కారణం రెంటిలో ఒకటట. క్రిములు చేరి గోడని తినెయ్యొచ్చు. లేదా ఏ క్రిమీ లేకుండానే ఒంట్లో వాపు పుట్టి, మన రక్తంలోని కాపలాయే మన గోడమీద పడొచ్చు. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, మందులు మాత్రం తూర్పూ పడమరా. వాపయితే స్టెరాయిడు ఇచ్చి ఒంటి కాపలాని పడుకోబెట్టాలి. ఉన్నవి క్రిములైతే, కాపలా పడుకున్నాక ఇంకేముంది, వాటిదే రాజ్యం.

అందుకని ఆస్పత్రిలోనే ఉంచి, రక్తం తీసి సీసాల్లో పెట్టి, క్రిములు పెరుగుతాయేమోనని చూశారు. ఏమీ పెరగలేదు. “ఇంట్లో మందులేమైనా వాడారా?” అని అడిగింది డాక్టరు. మా అక్క చెంగు సర్దుకుని, “ఒక్క మాత్ర కూడా మింగలేదండీ” అంది. అబద్ధమాడానని అనుకోలేదే ఆవిడ. మందంటే డాక్టరు చీటీ రాసేది. డబ్బాలోది ఉప్పూ పప్పులాగా ఇంటి సరుకు. నేనెందుకు నోరు విప్పలేదంటావా, నేనక్కడుంటే కదా, బిల్లు కట్టే కిటికీ దగ్గర లైన్లో ఉన్నాను. సరే, వాపే అయ్యుంటుంది, రేపటినుంచి స్టెరాయిడు అన్నారు.

మర్నాడు పొద్దున నర్సమ్మ జ్వరం చూస్తూ, రాత్రి బాగా దిగిందే తాతా అంది. “దిగదా మరి, మా ఆవిడ ఎర్రగొట్టం పడింది కదా” అన్నాడు బావ హుషారుగా. డాక్టరు పక్కమంచం దగ్గరుంది, గిర్రున తిరిగింది. ఏ గొట్టం? అప్పుడు బయటపడింది. చూడ్డానికొచ్చే వేళ మా అక్క రోజూ జేబురుమాల్లో కట్టి తెచ్చి, గుటుక్కున మింగిస్తోంది. డబ్బా తెప్పించి దుప్పటిమీద బోర్లించారు. డాక్టరు అరవలేదు, అరిచినా బాగుండేది. “ఇది క్రిముల్ని చంపే మందే అమ్మా. ఒక్కొక్కటిగా వేస్తే చావవు, నక్కి కూచుంటాయి. అందుకే మా సీసాల్లోకి రాలేదు. ఇవాళ స్టెరాయిడు ఎక్కించి ఉంటే మీ ఆయన మీకు దక్కేవాడు కాదు” అంది. అక్క బావ మీద పడింది, “నోట్లో నువ్వుగింజ నానదు కదా నీకు” అని.

ఆ పూట ఏ మందూ వద్దని కాపలా కాశారు. చీకటిపడే వేళకి ఒణుకొచ్చింది, మంచం గడగడలాడింది. ఆ ఒణుకులోనే రక్తం తీసి, వెంటనే మందు ఎక్కించేశారు. ఈసారి పెరిగింది. ఆ విందులో విరేచనాలు పట్టించిన క్రిమేనట, పేగునుంచి రక్తంలోకి దిగి, సిగరెట్లకి గరుకెక్కిన గోడని పట్టుకుంది. దానికి సరిపోయే మందు మార్చారు, తర్వాత కోశారు. కుళ్ళిన ముక్క తీసేసి, తొడలోంచి ఆయన నరమే తీసి అతికారు. నాళం బదులు గుడ్డతో నేసిన గొట్టం పెడితే క్రిములు మళ్ళీ దానికే పడతాయని. బతికాడు.

ఇంటికి పంపుతూ, ఇంక జీవితాంతం రోజూ ఒక మాత్ర అంది డాక్టరు. చీటీ మా అక్క చేతికిచ్చింది. అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది, నేను ముట్టనండీ అని. “రుమాల్లో కట్టి మరీ తెచ్చారు, ఒక్కరోజు తప్పలేదు. ఆ పట్టుదల ఇంకెవరికుందమ్మా, మీరే ఇవ్వాలి” అంది ఆవిడ. ఇచ్చింది. పేరు కూడబలుక్కుని చదివి మరీ ఇచ్చేది. పెళ్ళికెళ్ళినా, పోట్లాడుకున్నా, మాటలు మానేసిన రోజున కూడా, గ్లాసు ఠక్కుమని పెట్టి మాత్ర పక్కన పడేసేది. ఏళ్ళు గడిచాయి. ఆవిడే ముందు పోయింది, నిద్రలో.

తర్వాత నేను పొద్దున్నే ఫోన్ చేసి అడిగేదాన్ని, బావా, వేసుకున్నావా అని. వేసుకున్నానే, విసిగించకు అనేవాడు. మళ్ళీ జ్వరమొచ్చిందని తెలిసి పరిగెత్తేసరికి నేలమీద పడుకోబెట్టేశారు, అయిపోయింది. షాపు సొరుగు లాగితే అట్టలకి అట్టలు మాత్రలు, ఒక్కటీ చింపలేదు.

ఆ కుక్కరు ఎన్ని కూతలేసింది, విన్నావా? వెళ్ళి కట్టెయ్యి.