మూడు రోజుల సెలవు

"ఏడ్చావు. నేను చూశాను."

"కంట్లో నలుసు పడింది వదినా."

"రెండు కళ్ళల్లోనూ పడిందా?"

వోలగ్దా పట్నం వైపు ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రం. యుద్ధం ముగిసి పదిహేనేళ్ళు. ఆదివారం మధ్యాహ్నం క్లబ్బులో, సెలవు మీద ఇంటికి బయల్దేరిన సైనికుడి సినిమా అప్పుడే అయిపోయింది. బెంచీలు ఖాళీ అవుతుంటే అగ్రఫేనా తన చెల్లెలి మొగుడు సవేలీకి అడ్డంగా నిలబడింది. యుద్ధకాలంలో ఆడవాళ్ళ కోత ముఠాకు పెద్ద అతనే.

"జరుగు వదినా. జనం చూస్తున్నారు."

"చూడనీ. సొంత తమ్ముడి చావుకబురొస్తే మడిచి జేబులో పెట్టుకుని పనికి పోయినవాడివి. తెర మీద బొమ్మకు ఏడుస్తావా?"

"సినిమా కదా. ఎవరికైనా వస్తుంది ఏడుపు."

"నాకు రాలేదు. కడుపు మండింది. వాడు తల్లిని చూడ్డానికి అన్ని తిప్పలు పడి వచ్చాడు. మరి నా కొడుకు గ్లెబ్? వాడు యుద్ధంలో పోయాక వాడి జతగాడు రాశాడుగా, మూడు రోజుల సెలవిస్తే ఇంటికి బయల్దేరాడు, చెప్పిన రోజుకే తిరిగొచ్చాడు అని. ఏ ఇంటికి? వోలగ్దాలో ఎవతి ఇంటికో."

"పోయినవాణ్ణి అలా అనకు."

"పదిహేడేళ్ళుగా అంటున్నా. నువ్వు వింటూనే ఉన్నావు. వాడి ఫొటో గోడకు పెట్టలేదు. చర్చిలో పోయినవాళ్ళ పేర్లు చదివించే రోజున నీ తమ్ముడి పేరు రాయించాను, వాడిది రాయించలేదు. ఇవాళ సినిమాలో ఆ తల్లి కనబడగానే నువ్వు తెర వైపు కాదు, నా వైపు చూశావు. ఎందుకు?"

"ఇంటికి పోదాం పద. అక్కడ చెబుతా."

"ఇక్కడే చెప్పు."

"వచ్చాడు."

"ఎవరు?"

"నీ కొడుకు. నలభై మూడు ఆగస్టులో, రై ధాన్యం కోతలప్పుడు. మూడు రాత్రులు వరసగా నూర్పిళ్ళు చేసి, నువ్వు పనల మీద పడి నిద్రపోతున్నావు. చూశాడు. 'లేపొద్దు బాబాయ్, పడుకోనీ' అన్నాడు. స్టేషనుకు పోయే లారీ ఎక్కేశాడు. బంగారంలాంటి పిల్లాడు."

"అబద్ధం."

"దేవుడి తోడు."

"జేబులో పార్టీ కార్డు పెట్టుకుని దేవుణ్ణి పిలవకు. చిన్నప్పుడు వాడు దొడ్లోకి పోవాలన్నా నన్ను లేపేవాడు. జ్వరమొస్తే లేపేవాడు, జ్వరం తగ్గితే తగ్గిందని లేపేవాడు. యుద్ధానికి పోయే ముందు రాత్రి, నిద్రపోయావా అమ్మా అంటూ నాలుగుసార్లు లేపాడు. వాడు నన్ను లేపకుండా పోయాడా? నిజం చెప్పు సవేలీ."

"మీరు ఇరవై మంది. మబ్బు పట్టి ఉంది. జిల్లా నుంచి పూటకో ఫోను. ఒక్క సైనికుడు చేలోకి వచ్చాడంటే చాలు, మా ఆయన కనబడ్డాడా, మా అన్న ఉన్నాడా అని అందరూ కొడవళ్ళు పారేసి వాడి చుట్టూ మూగేవాళ్ళు. అంతకుముందు ఒకసారి అయింది అలాగే. ఆ రై తడిస్తే నన్ను జైల్లో వేసేవాళ్ళు."

"అందుకని?"

"నువ్వు ఊళ్ళో లేవన్నాను. పనిమీద పట్నం పంపాం, ఎల్లుండికి గాని రాదన్నాను."

"నమ్మాడా?"

"బాబాయిని కదా."

"మేం ఎక్కడున్నాం అప్పుడు?"

"వాగు అవతల."

"వాగు అవతలంటే కేకేస్తే వినబడుతుంది."

"లారీ వచ్చేదాకా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. అవతల మీరు పాట ఎత్తుకున్నారు. వాడు తలెత్తి, 'బాబాయ్, అది మా అమ్మ గొంతు కదూ?' అన్నాడు. కాదన్నాను."