నా పేరుతో ఉత్తరం

ఓక్లహోమాలో బేస్‌బాల్ మైదానం బయట, ట్రక్కులో తండ్రీకొడుకులిద్దరే ఉన్నారు. కొడుకు బంతి విసిరే కుడిచేతికి ఐసు కట్టు ఉంది.

"కాలేజీ కోచ్ ఫోన్ చేశాడు నాన్నా. నేను రానని నా పేరుతో ఉత్తరం వచ్చిందట. నువ్వే రాశావా?"

"రాశాను. డబ్బిచ్చి ఆడించే పెద్ద జట్టే పిలుస్తుంటే ఇంకా కాలేజీ ఏంట్రా?"

"మోచెయ్యి నొప్పని చెప్పానుగా! కాలేజీలో ఉండి నయం చేసుకుంటానన్నాను."

"అందుకే తొందరపడ్డాను. ఆ జట్టుతో ఒప్పందం మీద సంతకం అయ్యేదాకా ఆ నొప్పి సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు."

"ఆ తర్వాత చెయ్యి పోతే?"

"పోతే అది వాళ్ళ తలనొప్పి."

"చెయ్యి నాది నాన్నా."

తండ్రి తల తిప్పకుండా ట్రక్కు స్టార్టు చేశాడు. అతని పక్కన కూర్చోవడమే కొడుక్కి రోత పుట్టించింది. దిగి, తలుపు వేసి, ఫోన్ కలిపాడు.

"కోచ్, ఆ ఉత్తరం నేను రాయలేదు. నా మోచెయ్యి బాగాలేదు. అది తెలిసి కూడా రమ్మంటే వస్తాను."