ఓస్మో ముప్పైవేల సార్లు అవునన్నాడు

2016, వసంతం. ఫిన్లాండులోని తాంపెరె ఊళ్లో మంచు కరిగి, చలికాలమంతా దాగిన చెత్త పెరట్లో బయటపడ్డ మే నెల. ఏటా చేసినట్టే ఆ అపార్టుమెంటు వాళ్లంతా కలిసి పెరడు ఊడుస్తున్నారు, ఓ పక్క నిప్పుల మీద సాసేజీలు కాలుతున్నాయి. ఓస్మో మాత్రం చీపురు కర్రకి గడ్డం ఆనించి నిలబడ్డాడు. నోరు ఆడేవాడికి చీపురు బరువు.

అతని కబుర్లతో హిల్కాకి పనుంది. బస్సులు నడిపి రిటైరైన మనిషి ఆవిడ. ఇరవై నాలుగు కుటుంబాలకీ ఉన్నది ఒక్కటే ఆవిరిస్నానాల గది. అందులో శనివారం సాయంత్రం ఆరింటి వంతు కోసం పదకొండేళ్లు కాచుకుని, జనవరిలో దక్కించుకుంది. మార్చిలో ఆ వంతుల జాబితా ఉండే సొసైటీ కంప్యూటరు చెడింది. దాన్ని బాగుచేసింది ఓస్మో. తర్వాత ఆ గది తలుపుకి అంటించిన కొత్త జాబితాలో శనివారం ఆరింటికి ఉన్నది ఓస్మో పేరు.

"పెద్ద పనేం కాదులే," అంటున్నాడు ఓస్మో. "కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తుంటే మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ లేచేసరికి డిస్కులో ఫైళ్లన్నీ చిందరవందర. మరమ్మతు కమాండ్ కొట్టా. అది ఒక్కో ముక్కా చూపించి 'సరిచేయనా?' అంటుంది, నేను 'అవును' అని మీట నొక్కాలి. ఎన్నిసార్లు నొక్కానో తెలుసా?"

"ఓ పది?" అన్నాడు కింది వాటా అహ్తి, సాసేజీ తిప్పుతూ.

"ముప్పైవేలు! వేళ్లు వాచిపోతే ముక్కుతో నొక్కా. మీట అరిగి గుంట పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెషీను కొలిమిలా కాగింది. ఎత్తుకెళ్లి గడ్డకట్టిన సరస్సు మీద పెట్టా. మంచు కరిగి మెషీను బుడుంగున మునిగింది, వెనకాలే నేను!"

"నీళ్లలో కూడా నొక్కావా?" అన్నాడు అహ్తి.

"అడుగున కూచుని మరీ! ఊపిరాడక గిలగిల్లాడుతుంటే ఓ ముసలి చేప వచ్చి, 'నువ్వు పైకెళ్లి గాలి పీల్చుకురా, అందాకా నేను నొక్కుతా' అంది."

"చేపకి వేళ్లెక్కడివిరా?"

"తోకతో! ఇద్దరం వంతులేసుకుని నొక్కాం. సరస్సు సలసలా కాగిపోయింది. ఈ ఏడు వసంతం తొందరగా వచ్చిందంటే ఎవరి చలవనుకున్నారు?"

అందరితోపాటు హిల్కా కూడా కడుపు పట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుని అడిగింది. "ఏమయ్యా ఓస్మో, ఒక్కదానికైనా కాదనలేదా?"

"ఒక్కదానికీ లేదక్కా! అది అడగడం, నేను అవుననడం, అంతే."

"అయితే, 'శనివారం ఆరింటి వంతు ఓస్మో పేర రాయనా?' అని కూడా అదే అడిగిందా?"

ఓస్మో చెవులు ఎర్రబడ్డాయి.

"అది... అది చేప నొక్కినప్పుడు జరిగుంటుంది."

"అయితే వంతు చేపకి రాయాల్సిందిగా!" అన్నాడు అహ్తి.

చీపుర్లు కిందపడేలా నవ్వారు జనం. చివరికి ఓస్మో కూడా ఆపుకోలేక నవ్వేస్తూ, పెన్సిలు కోసం జేబులు తడుముకున్నాడు.

ఆ పూటే జాబితా మారింది. శనివారం ఆరు హిల్కాది. ఓస్మోకి మిగిలింది సోమవారం మధ్యాహ్నం మూడు గంటల వంతు, ఆవిరి పుట్టించే పొయ్యి మీద రాళ్లింకా వేడెక్కని వేళ.