కప్ప రక్తంలో చుక్కలు

ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే మరిదిగారు మాస్కు బిగించుకుని, కూతురు పెంచుకుంటున్న కప్ప రక్తం పూసిన గాజుపలకతో జంతువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ స్వయానా ఆయన భార్యకు అక్క. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దూరంగా ఉండండి వదినా! కప్పకి వైరస్ పట్టింది. ప్రతి ఎర్ర కణంలోనూ నల్లటి చుక్కే!"

"ఏదీ, ఇటివ్వండి..." ఆవిడ గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. "మరిదిగారూ, మనుషుల రక్తం చూసీ చూసీ మర్చిపోయినట్టున్నారు. మన ఎర్ర కణాలకి కేంద్రకం ఉండదు. కప్పలకి ఉంటుంది. ఆ చుక్క అదే."

"అయితే అలాంటి వైరస్ లేనే లేదా?"

"ఎందుకు లేదూ? కప్పలకీ, బల్లులకీ వస్తుంది. వస్తే కేంద్రకం పక్కన ఇంకో చుక్క కనిపిస్తుంది. ఇందులో ఎంత వెతికినా లేదు."

"మరి తిండి ముట్టట్లేదేం?"

"దాన్నెక్కడ పెట్టారు?"

"హాయిగా ఉంటుందని ఏసీ కింద."

"చలికి దాని ఆకలి చచ్చింది. వెచ్చటి గదిలోకి మార్చండి. ఇంతకీ మీకా మాస్కెందుకు?"

"నాకూ అంటుకుందేమోనని మేడగదిలో ఒక్కణ్ణే ఉంటున్నా. మీ చెల్లెలు భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్తోంది."

"అది మనుషులకి అంటదండీ బాబూ!"

"అమ్మయ్య! కానీ వదినా, తనకి రేపటిదాకా చెప్పకండి. ఇవాళ కిందికి దిగితే అటకలు దులిపిస్తుంది."

"పొద్దున్నే ఫోన్ చేసింది. చుక్కలనగానే నాకు అర్థమై చెప్పేశాను."

"అయ్యో! ఏమంది?"

"'ఆయనకి మాత్రం అప్పుడే చెప్పకక్కా, ఇల్లు ప్రశాంతంగా ఉంది' అంది."