కోబా పిన్ని మడత కుర్చీ

అమ్మలారా, అక్కలారా, కోబా పిన్నిని సాగనంపడానికి వచ్చిన పెద్దలారా,

హేగ్‌లో ఇంత వాన కురుస్తున్నా హాలు నిండిపోయింది. పిన్ని ఉంటే బిస్కెట్లు సరిపోవని కంగారుపడేది. కాఫీతో మనిషికి ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేసే మనిషి కదా! నవ్వండి, ఫరవాలేదు. ఆమె లేదన్న మాట నాకింకా మింగుడుపడటం లేదు.

నా పేరు తీలీ. యుద్ధకాలంలో జావాలో జపాను సైన్యం మన డచ్చి ఆడవాళ్లనీ పిల్లల్నీ ముళ్లకంచె వెనక పెట్టినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఆ శిబిరం నుంచి అధికారుల బంగళాకి పట్టుకుపోయిన అమ్మాయిల్లో నేనొకదాన్ని. మైకు ముందు ఈ మాట చెప్పడం ఇదే మొదలు. ఇంతకాలం మా తరఫున పిన్నే చెప్పేది.

శిబిరంలో రోజూ మమ్మల్ని వరుసలో నిలబెట్టి, సైనికుల ముందు నడుం విరిగేలా వంగమనేవారు. సరిగ్గా వంగకపోతే దెబ్బలే. పిన్ని మాకు చెప్పేది, "వంగండే పిల్లలూ, వంగితే ఏం అరిగిపోరు. ముందు బతకాలి" అని. అలా చెప్పిన మనిషి ఒక్కరోజు మాత్రం వంగలేదు. ఏ రోజు? మమ్మల్ని ఏరుకోవడానికి లారీ వచ్చిన రోజు. మాకు అడ్డంగా వచ్చి నిలబడింది. కర్రతో కొట్టారు, వంగలేదు. భుజం ఎముక విరిగింది, వంగలేదు. అయినా మమ్మల్ని లాక్కుపోయారు. లారీలోంచి వెనక్కి చూస్తే, నేల మీద పడి కూడా తలెత్తి మా వంకే చూస్తోంది.

యుద్ధం అయిపోయి ఈ ఊరు చేరాక మమ్మల్ని ఎవరైనా ఏమైందని అడిగారా? లేదు. ఒకసారి పిన్ని ఇంట్లో కాఫీ తాగుతూ ఒకావిడ అంది, "ఆ అమ్మాయిలకేం, మనం పస్తులుంటే వాళ్లు కడుపు నిండా తిన్నారు" అని. పిన్ని డబ్బా మూత పెట్టేసింది. ఆవిడ కోటు తెచ్చి చేతికిచ్చింది. "ఆ తిండి ఎలాంటిదో తెలియకపోవడం నీ అదృష్టం. ఇక తొడుక్కో" అంది. ఆ కోటుకి బొత్తాలు కూడా పెట్టనివ్వలేదు.

మన స్మారక శిల మీద ఏముంది? ఆకలితో, జబ్బులతో పోయిన స్త్రీలకు అని ఉంది. మా గురించి ఒక్క ముక్క లేదు. ఒక్క వాక్యం చెక్కించమని అడిగితే కమిటీవారు పరువు పోతుందన్నారు. "ఎవరి పరువు?" అంది పిన్ని. అప్పటినుంచి ఏటా స్మారక దినాన లోపలికి రాకుండా గేటు బయటే నిలబడింది. కాళ్లు సహకరించనప్పుడు మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ ఒక్క వాక్యం చెక్కించకుండానే వెళ్లిపోయింది. నాకు దుఃఖంగా ఉంది. దానికి మించి కోపంగా ఉంది.

గురువారం కమిటీ మళ్లీ కూర్చుంటోంది. ఆ వాక్యం ఈసారి నేనడుగుతాను, నా పేరు చెప్పి అడుగుతాను. కాదంటే ఆ మడత కుర్చీ నా దగ్గరే ఉంది. మీరొస్తే సంతోషం. రాకపోయినా వెళతాను.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. కాసేపు మౌనంగా ఉందాం. మౌనం పాటించేటప్పుడు తల వంచడం మన అలవాటు. ఈ ఒక్కసారికి వద్దు. ఆ వరుసల్లో వంగింది చాలు. పిన్ని కోసం, దయచేసి, తలెత్తి నిలబడండి.