సాయమ్మ మఖ్మల్ పులి

కూసో బిడ్డా, ఆ కుర్చీ కాలు జర ఊగుతది, గోడకానుకొని కూసో. పులిని జూడనీకే గదా వచ్చినవ్, ఇగో, మఖ్మల్ బట్ట మీది బొమ్మ, గోడకెల్లి దించి కిటికీకాడ పెట్టిన. పైపోర్షన్ల యశస్విని పాత బొమ్మలు బాగుజేస్తది, ఎవ్వరు నేర్పలే, ఫోన్ల జూసి నేర్చుకున్నదని నీ గురించి అందరు అంటరు. మంచిదే. నాకు గేటుకాడ సెల్యూట్ కొట్టుడు ఎవరు నేర్పిండ్రు?

ఏంది, చేత్తో ఏసిందేనా? మరి! మీసాలకాడ జూడు, కవరు మీదికెల్లి గూడ రంగు ఉబ్బి తగుల్తది. దీన్ని తెచ్చింది సాయమ్మ, మా ఇంటామె. గచ్చిబౌలిల ఓ కంపెనీల హౌస్‌కీపింగ్ చేసేది. ఆఫీసు కొత్తగ జేస్తూ దీన్ని పారేస్తుండ్రట. మేనేజరు, 'నీకెందుకమ్మా ఈ పాతది?' అంటె, 'రాత్రిళ్లు మా ఆయన మొగిలి డ్యూటీల ఉంటడు సార్, ఇంట్ల పులన్నా ఉంటది' అన్నదట. ఒళ్లో పెట్టుకొని లింగంపల్లి దాక వచ్చింది. ఆటో ఆయన 'పులికి గూడ కిరాయి అయితదమ్మా' అంటె, 'పులినే అడుగు' అన్నదట. గట్లుండె ఆమె.

అసలు ముచ్చట ఇను. నాకు రాత్రి వాచ్‌మన్ డ్యూటీ. ఆమెకు పొద్దుగాల ఆరింటికే పని. నేనొచ్చేసరికి ఆమె పోయేది. ఆమెకు సదువు రాదు, నాకొచ్చింది సంతకం ఒక్కటే. అందుకే పులి మీదనే కబురు పెట్టి పోయేది. మఖ్మల్ మీద కిందికెల్లి మీదికి వేలు గుంజితె నూగు లేసి గీత పడ్తది గదా? పులి కాళ్లకాడ రెండు గీతలుంటె గిన్నెల కూర ఉన్నట్టు. ఒక్కటుంటె పచ్చడే. తిన్నంక నేనే తుడిచేటోణ్ని. పులి పైన ఆ చందమామ ఉన్నది జూడు, దాని మీద అరచెయ్యి గుంజిందా, అయిపాయె, అలిగింది! ఆ పొద్దు బూట్లు గూడ సప్పుడు గాకుంట ఇప్పేటోణ్ని. మా కొడుకు సంతోష్ 'ఏంది నాయనా, పులికి భయపడ్తున్నవా' అని నవ్వేటోడు. పులికి ఎవడు భయపడ్తడు?

ఏమన్నవ్? వేళ్ల రాపిడికి నూగు ఊడింది, ధర తగ్గుతదా? తగ్గనీ. అమ్మనీకి గాదు నిన్ను పిలిచింది. ఆ తెల్ల బూజుకు మందు జెప్తవని.

ప్లాస్టిక్ కవరు నేనే గొట్టిన. ఏడేండ్లాయె. మా తమ్ముని కొడుకు అనిల్ గాని పెండ్లి బారాత్‌ల, ఇంట్ల జెప్పకుంట, డ్యూటీ ఎగ్గొట్టి డప్పులకు ఎగిరిన. తెల్లారి ఇంటికొస్తె, ఆమెకెవరు జెప్పిండ్రో, చందమామ మీద అరచెయ్యి, ఐదు వేళ్లు సాఫ్‌గ కనవడ్తున్నయ్. ఇయ్యాల బతిమాలుడే అనుకుంట బూటు ఇప్పుతున్న, ఫోనొచ్చింది. పనికాడ పడిపోయిందట. దవాఖానకు పోయేసరికి... ఇగ అంతే.

ఆ చెయ్యి చెరగొద్దని కవరు గొట్టిన. కాళ్ల దిక్కు జూడనే లే, సావుకొచ్చిన చుట్టాలకేసిన బొంతలు దీని ముంగట్నే పేర్చిన, ఇయ్యాల్నే తీసిన. ఇప్పుడు నువ్వు, కవరుల చెమ్మ పట్టి బూజొస్తుంది, గాలి తగలాలె, మెత్తటి బ్రష్‌తోని మీదికెల్లి కిందికి తుడవాలె అంటివి. తుడిస్తె చెయ్యి పోతది గదా? అలక పోతె మంచిదేనంటవా? నాకు మిగిలిందే ఆ అలక, బిడ్డా.

సరే, తియ్యి కవరు. మెల్లగ. ఆ మేకు సూసుకో. తుమ్ముతున్నవేంది, ఏడేండ్ల దుమ్ము మరి. టార్చ్ ఎందుకు? పక్కకెల్లి కొడ్తె నూగు కనవడ్తదా? ఏడ, కాళ్లకాడనా? ఆగు ఆగు, అద్దాలు పెట్టుకోనీ. ఎన్ని? సరిగ్గ లెక్కవెట్టు. రెండా? రెండే! ఓ సాయమ్మా! ఐదు వేళ్లతోని తిట్టి, రెండు వేళ్లతోని కూర పెట్టి పోయినవే! నేను ఆ పొద్దు గిన్నె మూత గూడ తియ్యలే గదనే.

ఇటియ్యి బ్రష్. నువ్వు గాదు, నేనే. ముందుగాల చందమామ. మీదికెల్లి కిందికి, గిట్లనేనా? పోయింది జూడు, అలక పోయింది. కాళ్లకాడ మాత్రం నువ్వు జెప్పినా ముట్ట.

ఏం కూరనో...

చాయ్ పెడ్తవా బిడ్డా? చాయ్‌పత్తి డబ్బా ఆ అరల ఉన్నది.